ఈ పొట్లంలో ఏముంది?

మొన్నామధ్య ఓ తల్లి మా విజయనగరం కార్యాలయానికి వచ్చింది. చేతిలో చీరల షాపు సంచి. అందులోంచి తీసి బల్లమీద పెట్టింది: నాలుగు కాగితపు పొట్లాలు, పాత హార్లిక్స్ సీసాలో నూనె, నీడన ఎండబెట్టిన వావిలాకు ఓ గుప్పెడు. కొడుకు న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కిందటేడు స్నేహితులతో అడవిలో నడకకు వెళ్లొచ్చాక తొడమీద ఎర్రటి మచ్చ లేచింది, దాని చుట్టూ వలయం, పైగా జ్వరం. లైమ్ వ్యాధి అని డాక్టరు డాక్సీసైక్లిన్ అనే యాంటిబయోటిక్ రాశారు. జ్వరం పోయింది. మోకాళ్ల నొప్పి, మెడ పట్టేయడం, నిస్సత్తువ మాత్రం ఎనిమిది నెలలైనా వదల్లేదు. ‘అక్కడ అవేవో మూలికల సీసాలకి డబ్బు నీళ్లలా పోస్తన్నాడు బావూ. పసరు మందుకి అమెరికా ఎందుకు, ఇక్కడే కట్టించి పంపిద్దామని... పంపొచ్చా, ఏటి చెయ్యమంటారు?’ అని అడిగింది.

మేం వైద్యులం కాదు. అయినా ఆ ప్రశ్నను పక్కన పెట్టలేకపోయాం. ఆ పొట్లాలు అమెరికా వెళ్లేవే కావచ్చు, అచ్చం అలాంటివే సోంపేటలోనూ చీపురుపల్లిలోనూ రోజూ నీళ్లలో కలుపుకొని తాగుతున్నారు.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే చిన్న ఊరుంది. 1975 ప్రాంతంలో అక్కడ పిల్లలకు వరసగా కీళ్లు వాస్తుంటే ఇదేదో మామూలు కీళ్లవాతం కాదని పట్టుబట్టి అధికారుల వెంటపడింది తల్లులే. జింకల మీదా ఎలుకల మీదా బతికే ఓ రకం పిడుదు కాటుతో బ్యాక్టీరియా ఒంట్లోకి చేరుతోందని తర్వాత తెలిసింది. ఆ బ్యాక్టీరియాను 1982లో విలీ బర్గ్‌డోర్ఫర్ బయటపెట్టారు, దానికి ఆయన పేరే పెట్టారు. మన పశువుల చెవుల్లో పట్టే పిడుదులు వేరే జాతివి. లైమ్ మన జిల్లాల జబ్బు కాదు. కానీ మన పిల్లలు ఎక్కువగా స్థిరపడిన న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో అది ఇంటి వెనక పెరట్లోనే ఉంది. అమెరికాలో ఏటా సుమారు 4,76,000 మంది దానికి చికిత్స తీసుకుంటారని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం అంచనా.

రెండు నుంచి నాలుగు వారాలు యాంటిబయోటిక్ సరిగా వాడితే చాలామందికి తగ్గిపోతుంది. వందలో అయిదు నుంచి పది మందికి మాత్రం నొప్పులూ అలసటా నెలల తరబడి ఉండిపోతాయి. ఇది మనసులో పుట్టిన నొప్పి కాదు, నటన అంతకంటే కాదు. రిపోర్టులన్నీ నార్మల్ అని డాక్టరు తల అడ్డంగా ఊపినప్పుడే మనిషి రెండు దారుల్లో ఒకటి పడతాడు. అదే యాంటిబయోటిక్ ఇంకో మూడు నెలలు వాడదామనేది ఒకటి. మూలికల వైపు తిరగడం రెండోది. ఆ కుర్రాడు రెండింటిలోనూ కాలు పెట్టాడు.

మొదటి దారి ఎక్కడికి పోతుందో పరీక్షించి చూశారు. 2001లో అమెరికాలో ఇలాంటి 129 మందిలో కొందరికి నెలరోజులు సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు, ఆపైన రెండు నెలలు డాక్సీసైక్లిన్ మాత్రలు ఇచ్చారు, మిగతావాళ్లకు మందు లేని ఉత్త మాత్రలు, ఉత్త ఇంజెక్షన్లు ఇచ్చారు. రెండు గుంపుల మధ్యా తేడా రాకపోవడంతో పరిశోధన మధ్యలోనే ఆపేశారు. 2016లో నెదర్లాండ్స్‌లో 280 మంది మీద చేసినప్పుడూ అంతే, పన్నెండు వారాలు అదనంగా మందు వాడినవాళ్లు వాడనివాళ్ల కంటే బాగుపడింది లేదు. నష్టం మాత్రం ఉంది. పాత లైమ్ పేరుతో నెలల తరబడి రక్తనాళంలో గొట్టం ఉంచి మందులెక్కించుకున్నవాళ్లకు ఆ గొట్టం నుంచే ఇన్‌ఫెక్షన్ సోకి సెప్టిక్ షాక్ దాకా పోయిన కేసుల్ని 2017లో అమెరికా ప్రభుత్వమే ప్రచురించింది.

ఇక రెండో దారి. మూలికలను ఎగతాళి చేసే ఉద్దేశం మాకు లేదు. మన్యంలో మలేరియాకు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే మాత్రల్లోని ఆర్టిమిసినిన్ ఒక మొక్క నుంచి వచ్చిందే. ఆ పని చేసిన చైనా శాస్త్రవేత్త తు యూయూకు 2015లో నోబెల్ ఇచ్చారు. లైమ్ బ్యాక్టీరియా మీద కూడా ఆఫ్రికాకు చెందిన క్రిప్టోలెపిస్ వేరు, జపాన్ నాట్‌వీడ్ ప్రయోగశాలలో బాగా పనిచేశాయని 2020లో అమెరికా పరిశోధకులు రాశారు. అయితే అది గాజు నాళికలో జరిగిన ముచ్చట. నాళికకు కాలేయం ఉండదు, కిడ్నీ ఉండదు. మనిషి మింగితే ఎంత మోతాదు రక్తంలోకి చేరుతుందో, చేరినది ఎవరిని ఏం చేస్తుందో ఆ ప్రయోగం చెప్పదు. ఈ ఒక్క వాక్యం దాచిపెట్టి అక్కడ సీసాలు అమ్ముతున్నారు.

మళ్లీ ఆ తల్లి సంచి దగ్గరకొద్దాం. వావిలాకు మరిగించిన నీళ్లతో కాపడం పెట్టుకోవడం, నూనె వెచ్చచేసి మోకాలికి రాసి మర్దన చేయడం మన ఇళ్లలో బాలింతల కాలం నుంచీ ఉన్నవే. పైపూతకు, వేడికి నొప్పి కాస్త సర్దుకుంటుంది. చర్మానికి పడితే ఎవరికీ అభ్యంతరం అక్కర్లేదు. తంటా అంతా పొట్లాలతోనే. ఒకదాన్ని విప్పి చూశాం. బూడిదరంగు పొడి, పేరు లేదు, చీటీ లేదు. ‘ఇదేటమ్మా’ అంటే ‘శంఖభస్మం కలిపినాడట’ అంది. శంఖభస్మం అంటే కాల్షియమే. డాక్సీసైక్లిన్ మాత్రతోపాటు కాల్షియంగానీ, మండూర భస్మం లాంటి ఇనుముగానీ పొట్టలోకి వెళ్తే అవి మాత్రను పట్టేసుకుంటాయి, రక్తంలోకి పోనివ్వవు. కొడుకు వాడే యాంటిబయోటిక్‌ను తల్లి ప్రేమగా పంపిన పొడి పనిచేయకుండా చేస్తుందన్నమాట! 2008లో అమెరికా పరిశోధకులు ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే సుమారు ఐదో వంతు వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించింది. అవి లేబుల్ ఉన్న మందులు. పొట్లానికి ఆ భాగ్యం కూడా లేదు.

ఇంకో అనుమానం కూడా ఉంది. కీళ్లనొప్పుల పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్ముతూ దొరికిపోయిన ఉదంతాలు దేశంలో చాలా చోట్ల ఉన్నాయి. మూడు రోజుల్లో నొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందంటే సంతోషించే ముందు ఆలోచించాలి. ఆకలి పెరిగి, ముఖం ఉబ్బి, షుగర్ ఎగబాకితే అది మూలిక మహిమ కాదు. అలాగని ఒక్కసారిగా ఆపేయకూడదు, డాక్టరుకు చూపించే ఆపాలి.

ఇదంతా అమెరికా కొడుకు కథ అనుకుంటే పొరపాటు. 2006 చికున్‌గున్యా నాటి నొప్పులు ఏళ్ల తరబడి మోసినవాళ్లు మన పల్లెల్లో ఉన్నారు. ఆ జ్వరానికి కారణం వైరస్, దానికి యాంటిబయోటిక్ ఎన్ని వాడినా దండగే. చిన్న పురుగు కాటుతో నల్లటి మచ్చపడి వచ్చే స్క్రబ్ టైఫస్‌కు మాత్రం లైమ్‌కు వాడే డాక్సీసైక్లినే మందు, సకాలంలో మొదలెడితే రెండు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. విచిత్రం చూడండి. అక్కడ అక్కర్లేకపోయినా అదే మాత్రను నెలలకొద్దీ మింగుతున్నారు. ఇక్కడ ప్రాణం నిలబెట్టే చోట జ్వరం తగ్గగానే సగం స్ట్రిప్పు గూట్లో పడేస్తున్నారు. ఊళ్లోకి బ్యాగుతో వచ్చే వైద్యుడు జ్వరమేదైనా సెఫ్ట్రియాక్సోన్ సూదే పొడుస్తాడు. ఆ మందు అమ్మితే రోగి పేరు, రాసిన డాక్టరు పేరు రిజిస్టరులో రాయాలని నిబంధన ఉంది. ఆ రిజిస్టరు అడిగి చూసే నాథుడేడీ?

శ్రీకాకుళం జిల్లాకొస్తే విషయం ఇంకా బరువెక్కుతుంది. ఉద్దానంలో కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ అనే మాట డాక్టర్లది కాదు, టీకొట్టు దగ్గర మాట. ‘నీకెంతొచ్చింది?’ అని పరీక్ష మార్కులు అడిగినట్టు అడుగుతారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీలు ఎందుకు దెబ్బతింటున్నాయో ఇప్పటికీ ఇదమిత్థమని తేలలేదు. తేలకపోయినా ఒకటి ఖాయం. ఇప్పటికే నలిగిన కిడ్నీ మీద డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు రోజూ పడటం మంచిది కాదు. పేరు తెలియని వేరు పడటం అంతకన్నా మంచిది కాదు. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే మందులో ఒక మూలికకు బదులు అరిస్టొలోకియా వేరు చేరి పదుల సంఖ్యలో మహిళల కిడ్నీలు పాడయ్యాయి. మన దగ్గర పాముకాటుకని వాడే ఈశ్వరి తీగ ఆ కుటుంబానిదే. ఉద్దానం జబ్బుకు అదే కారణమని మేం అనడం లేదు. ఏ పొట్లంలో ఏ వేరుందో చెప్పేవాళ్లు లేరంటున్నాం, అంతే.

చేయాల్సిన పని పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. 2023లో విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, శ్రీకాకుళంలో అంతకుముందు నుంచే ఉంది. ఈ రెండు బోధనాసుపత్రుల్లో జ్వరం తగ్గి మూడు నెలలైనా నొప్పులు తగ్గనివారికి వారంలో ఒకరోజు ప్రత్యేక ఓపీ పెట్టాలి. కీళ్లలో నిజంగా వాపుందా, నరం నొప్పా, నిద్రలేమా అని విడదీసి చూసే డాక్టరు, వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు, పక్కనే ఆయుష్ వైద్యుడు కూర్చోవాలి. కీళ్లవాతం డాక్టరు కోసం విశాఖ బస్సెక్కే పని తప్పాలి. నొప్పి మందు రాసేముందు ఉద్దానం వాసికి క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి చేయాలి. లైసెన్సు నంబరు, దినుసుల పేర్లు, బ్యాచి, గడువు తేదీ లేని ఆయుర్వేద మందు అమ్మడం ఇప్పుడున్న చట్టం ప్రకారమే నేరం. కొత్త జీవో అక్కర్లేదు, సంతలో నాలుగు పొట్లాలు సేకరించి ల్యాబుకు పంపే ఓపిక చాలు.

ఆ తల్లికి మేం చెప్పింది ఇంతే. కొడుకును ముందు కీళ్లవాతం డాక్టరును కలవమనండి, వాడుతున్న ప్రతి సీసా ఆయన ముందు పెట్టమనండి, పొడులు మాత్రం పంపకండి. ఆవిడ వావిలాకు, నూనె సంచిలో సర్దుకుంది. పొట్లాల వైపు కాసేపు చూసి మూడు తీసుకుంది, ఒకటి వదిలేసింది. అది మా బల్లమీదే ఉంది. ఔషధ నియంత్రణ అధికారులు ఎప్పుడొచ్చినా అప్పగిస్తాం.