చెమటకాయలు పిల్లకి, వాయింపు నాకు

చుట్టాలు ఇప్పుడే బయల్దేరారు. కోపం చల్లారకముందే రాసేస్తున్నా, లేకపోతే రేపటికి నేనే "పోన్లే పెద్దావిడ" అనుకుని ఊరుకుంటా, అదే కదా మన జబ్బు.

జరిగింది ఇంతే. మా బుజ్జిదానికి మెడ మడతల్లో, వీపు మీద కాసిని చెమటకాయలొచ్చాయి. మా ఆయన పెద్దమ్మగారు దాన్ని ఎత్తుకుని, గడ్డం పైకెత్తి మెడ చూసి, హాల్లో అందరూ ఉండగా "స్నానం సరిగ్గా చేయించట్లేదా అమ్మా?" అన్నారు. అమ్మా అని ఎంత ప్రేమగా అన్నారో! అని ఊరుకుంటే బావుండేది, బ్యాగులోంచి పౌడర్ డబ్బా తీసి (అవునండీ, వెంట తెచ్చుకున్నారు) మెడ తెల్లగా అయ్యేదాకా దులిపారు. పిల్ల తుమ్మింది. "చూశావా, జలుబు చేసింది, ఆ ఫ్యాన్ ఆపు" అన్నారు. అయిపోయింది నా పని.

మురికికీ చెమటకాయలకీ సంబంధం ఏంటండీ అసలు? పసిపిల్లల్లో చెమట బయటికొచ్చే సన్నటి నాళాలు ఇంకా పూర్తిగా తయారై ఉండవు, వేడికి అవి మూసుకుపోతే చెమట చర్మం కిందే ఉండిపోతుంది, బాగా పైపైన ఆగితే నీటిచుక్కల్లాంటి పొక్కులు, ఇంకాస్త లోపల ఆగితే ఎర్రగా దురద. దీన్లో నా స్నానం ఎక్కడొచ్చింది? పైగా ఆ పౌడర్ చెమటకి తడిసి మడతల్లో ముద్దకట్టి ఇంకా ఒరుసుకుంటుంది, గాల్లో లేచింది పిల్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పసిపిల్లలకి పౌడర్ వద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళే చెప్తారు, కానీ వాళ్ళెవరు, పెద్దమ్మగారి కన్నా ఎక్కువా.

ఇంక టోపీ సంగతి. ఇంట్లో, నాలుగ్గోడల మధ్య, మనమంతా విసురుకుంటూ కూర్చుంటే దానికి మాత్రం టోపీ, గ్లవ్స్, సాక్సులు, పైన దుప్పటి. ఎందుకంటే "చేతులు చల్లగా ఉన్నాయి". పసిపిల్లల చేతులూ కాళ్ళూ మామూలుగానే కాస్త చల్లగా ఉంటాయండీ బాబూ, వేడి చూడాలంటే ఛాతీ మీదో మెడ వెనకో చెయ్యి పెట్టి చూడాలి, అక్కడ చెమట తగిలితే ఒక పొర తీసెయ్యాలి. ఇలా చుట్టబట్టే కదా చలికాలంలో కూడా వస్తాయి చెమటకాయలు. నిద్రలో పిల్లలకి ఒళ్ళు మరీ వేడెక్కడం ప్రాణానికే ప్రమాదం, అందుకే పడుకోబెట్టేటప్పుడు టోపీ వద్దంటారు డాక్టర్లు. ఈ మాట నేనంటే "మేం పిల్లల్ని పెంచలేదా" అంటారు. ఇంకేం మాట్లాడతాం.

తగ్గించడానికి చెయ్యాల్సింది చాలా తక్కువ, అదే వీళ్ళకి నచ్చదు. బట్టలు తీసేసి గాలి తగలనివ్వడం, సబ్బు లేకుండా గోరువెచ్చటి నీళ్ళతో కడిగి మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్దడం, వదులు కాటన్ వెయ్యడం, వీపు కింద ఆ రబ్బర్ షీట్ తీసి పారెయ్యడం. ఎప్పుడూ ఎత్తుకునే ఉంటే మన ఒంటి వేడి కూడా దానికే. చాలావరకు రెండు మూడ్రోజుల్లో అవే పోతాయి. నూనె, జిడ్డు క్రీములు పూస్తే ఆ నాళాలు ఇంకా మూసుకుంటాయి. ఇంతలో మా మరిది లోపల్నించి ఒక ట్యూబ్ పట్టుకొచ్చాడు, తన తామరకి వాడగా మిగిలిందట, "ఒక్క రోజులో మాయం వదినా" అంటాడు. తామర మందు! మూణ్ణెల్ల పిల్లకి! అలాంటి ట్యూబుల్లో చాలావాటిల్లో గట్టి స్టెరాయిడ్ కలిపి ఉంటుంది, పిల్లల చర్మం దాన్ని ఇట్టే పీల్చుకుంటుంది. ఇంకొకరేమో దాహమేస్తోంది నీళ్ళు పట్టమని. ఆరు నెలల్లోపు పిల్లకి నీళ్ళెందుకండీ, ఇంకోసారి పాలిస్తే సరిపోతుంది కదా. డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సినవి వేరే ఉంటాయి, పొక్కుల్లో చీము పట్టడం, చుట్టూ వాచి వేడిగా ఉండటం, మూడ్రోజులైనా తగ్గకపోవడం, మూణ్ణెల్లలోపు పిల్లకైతే 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం తగిలినా ఆగకూడదు. అవి మాత్రం ఎవరూ అడగరు. అడిగేది స్నానం గురించే.

అసలు నా మంట ఇది కూడా కాదు. మా తోటికోడలి బాబుకి ఇవే చెమటకాయలు, ఒళ్ళంతా వచ్చినప్పుడు ఇదే పెద్దమ్మగారు ఇదే సోఫాలో కూర్చుని ఏమన్నారో తెలుసా? "పాపం, ఈ ఎండలకి పసివాళ్ళు తట్టుకోలేరమ్మా." అప్పుడు ఎండ, ఇప్పుడు నేను! వాడు ఏడిస్తే హుషారైన పిల్లాడు, ఇది ఏడిస్తే తల్లికి పాలు చాలట్లేదు. వాడు సన్నగా ఉంటే తండ్రి పోలిక, ఇది సన్నగా ఉంటే నేను డైటింగ్ చేశానట కడుపుతో ఉన్నప్పుడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే లెక్క. మా ఆయనేమో పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు, వాళ్ళు వెళ్ళాక "వదిలెయ్, వాళ్ళేదో ప్రేమతో" అంటాడు. ఆ ప్రేమేదో నీ మెడకి పూయించుకోవచ్చుగా.

పోతూ పోతూ ఒక ఫ్రాక్ ఇచ్చి వెళ్ళారు. నెట్టు, లోపల గరుకు లైనింగు, మెడచుట్టూ పూసలు, సరిగ్గా ఇప్పుడు ఎర్రగా ఉన్నచోటే. వచ్చే ఆదివారం తోటికోడలి బాబు పుట్టినరోజుకి ఇదే వెయ్యాలట, ఫొటోల్లో కనపడాలట. చేతుల్లేని కాటన్ జుబ్బా ఉతికి ఆరేశాను, అదే వేసి తీసుకెళ్తా. ఫ్రాక్ ఏదమ్మా అంటే సైజు పట్టలేదని చెప్తా.