20డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్ గారికి ఒక చిన్న కారు యజమాని బహిరంగ లేఖ

మహారాజశ్రీ 20డబ్ల్యూ-40 గారి దివ్య సముఖమునకు, 998 సీసీల పెట్రోల్ కారు గల ఒక సామాన్యుడు నమస్కరించి చేసుకుంటున్న విన్నపం.

ఉభయకుశలోపరి. విజయవాడ ఆటోనగర్‌లో ఏ దుకాణం మెట్టెక్కినా ముందు వరుసలో, కంటికి ఎదురుగా తమరే దర్శనమిస్తున్నారు. కారు పేరు, కొన్న సంవత్సరం చెప్పి, ‘చేతిపుస్తకంలో 0డబ్ల్యూ-20 అని రాసి ఉందండీ’ అని నేను మొదలుపెట్టేసరికే కౌంటరు మీద తమరి డబ్బా ప్రత్యక్షమవుతుంది. బండి ఏదైనా, దాని వయసెంతైనా, తాగేది పెట్రోలైనా డీజిలైనా, అన్నిటికీ తమరే మందు. ఇంత పలుకుబడి సంపాదించడానికి తమరు చేసిన కృషి ఏమిటో తెలుసుకుందామనే ఈ ఉత్తరం.

తమరి తరఫున మెకానిక్ గారు వినిపించే ప్రధాన వాదన ఒక్కటే: మన ఎండలకు పలచటి ఆయిల్ నిలవదు. ఆయన మాట చెప్పి ఊరుకోరు. నేను తీసుకెళ్లిన 0డబ్ల్యూ-20 డబ్బాలోంచి ఒక చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, ‘చూశారా సార్, నీళ్లలాగా ఉంది, దీంట్లో బలమేముంది?’ అని అడిగి, అదే చేత్తో తమరి చుక్కను తీసుకుని వేళ్లు విడదీస్తారు. తమరు సన్నటి తీగలా సాగుతూంటే, తమ బండి వంతు కోసం నిలబడ్డవాళ్లు కూడా తలలూపుతారు. ఈ పరీక్షలో తమరిని ఓడించగలిగింది ఆముదం ఒక్కటే. మొదటి ప్రపంచయుద్ధం నాటి విమానాల ఇంజన్లలో నిజంగానే ఆముదం పోసేవారు కాబట్టి, అర్హతలోనూ అనుభవంలోనూ అది తమరికంటే ఒక మెట్టు పైనే ఉన్నదని గుర్తుచేయక తప్పదు.

రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటవచ్చుననడంలో నాకూ సందేహం లేదు. అయితే ఇంజన్ పూర్తిగా వేడెక్కిన తరువాత లోపలి ఆయిల్ 100 డిగ్రీలకు అటూఇటూ ఉంటుందనీ, ఆ వేడిని అదుపులో ఉంచడానికే థర్మోస్టాటు, రేడియేటరు, ఫ్యాను అనే ముగ్గురు ఉద్యోగులను కంపెనీవారు ముందే నియమించారనీ తమరు ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. అందుకే తమరి పేరులోని రెండో అంకెను నిర్ణయించే చిక్కదనాన్ని కూడా 100 డిగ్రీల వద్దే కొలుస్తారు: అక్కడ 20 గ్రేడు ఆయిల్ 6.9 నుంచి 9.3 లోపు సెంటీస్టోకులు (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) ఉండాలి, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 లోపు ఉండాలి. మా కారు బేరింగుల మధ్య సందు ఎంతుండాలో, ఆయిల్ పంపు ఎంత తోయాలో, ఆయిల్ ఒత్తిడితోనే వాల్వుల సమయాన్ని మార్చే ఏర్పాటు ఎలా పనిచేయాలో లెక్క కట్టినవారు ఆ 20 గ్రేడు చిక్కదనాన్నే దృష్టిలో పెట్టుకుని కట్టారు. ఆ లెక్కను వేళ్ల మధ్య రుద్ది కొట్టివేయడం తమరి అభిమానులకే చెల్లింది.

నిజానికి తమరి గుట్టు బయటపడేది మిట్టమధ్యాహ్నం కాదు, పొద్దున్నే తాళం తిప్పినప్పుడు. మొదటి అంకె సున్నా ఉన్న ఆయిల్‌ను మైనస్ 35 డిగ్రీల చలిలో ఇంజన్ తిరగగలదా అని పరీక్షిస్తారు. తమరి 20ని మైనస్ 15 వద్ద మాత్రమే పరీక్షిస్తారు. లంబసింగి చలి కూడా సున్నా దగ్గరే ఆగిపోతుంది కదా, ఆ గొడవ మనకెందుకని తమరివారు నవ్వుతారు. కానీ రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌కు 30 డిగ్రీల ఉదయం కూడా చలే. ఆ వేళ తమరు 0డబ్ల్యూ-20 కంటే రెండు రెట్లకు మించి చిక్కగా ఉంటారు, సన్నటి దారుల గుండా పైనుండి వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టు దాకా చేరడానికి తీరిగ్గా బయలుదేరతారు. అంతేకాదు, అంత చిక్కటి ద్రవం ఫిల్టరు కాగితంలోంచి ఒక్కసారిగా దూరలేక ఒత్తిడి పెరిగినప్పుడు ఫిల్టరులోని బైపాస్ వాల్వు తెరుచుకుంటుంది. అప్పుడు ఆయిల్ వడపోత లేకుండానే లోపలికి పోతుంది. కొత్త ఫిల్టరుకు డబ్బు కట్టించుకుని, దాన్ని పక్కకు తప్పించి రాకపోకలు సాగించడం పెద్దరికం అనిపించుకోదు.

ఫిల్టరు ప్రస్తావన వచ్చింది కాబట్టి, తమరితో పాటు ఉచిత సలహాగా అంటగట్టే ఆ మెరిసే ఫిల్టరు డబ్బా సంగతి కూడా మనవి చేస్తాను. ‘థ్రెడ్ పట్టింది కదా సార్, ఇంకేం కావాలి?’ అన్నది దాని యోగ్యతాపత్రం. థ్రెడ్ చాలా కార్లకు పడుతుంది. బైపాస్ వాల్వు ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలి, బండి ఆగాక ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపే రబ్బరు పొర ఎన్నాళ్లు మెత్తగా ఉండాలి అన్నవి పైకి కనిపించవు. ఒక దుకాణంవారు సందేహం తీర్చడానికి ఊరూపేరూ లేని ఫిల్టరునూ, కారు కంపెనీ విడిభాగాల కౌంటరులో కొన్నదాన్నీ రంపంతో కోసి చూపించారు: మొదటిదానిలో కాగితం మడతలు వేళ్లతో లెక్కపెట్టగలిగేంత దూరదూరంగా ఉన్నాయి, అంచు జిగురు ఒక వైపు అసలు అంటలేదు, రబ్బరు పొర అప్పుడే గట్టిపడి ఉంది. పైరంగు మాత్రం రెండింటిదీ ఒకటే. ఆ రబ్బరు పొర చెడితే పొద్దున స్టార్టు చేయగానే కొద్ది క్షణాలు టకటక శబ్దం వస్తుంది. దానికీ ‘ఇంకాస్త చిక్కటిది పోద్దాం’ అన్నదే చికిత్స కావడం తమరి అదృష్టం.

తమరి వంశవృక్షం డబ్బా వెనుక, భూతద్దం కావలసినంత చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఏపీఐ (ఆయిల్ ప్రమాణాలు నిర్ణయించే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) అన్న మాట పక్కన ఎస్ తో మొదలైతే పెట్రోలుకు, సి తో మొదలైతే డీజిలుకు. ఎస్ పక్కనున్న అక్షరం ముందుకు జరిగేకొద్దీ ప్రమాణం కొత్తది. 2020లో వచ్చిన ఎస్‌పీ, టైమింగ్ చెయిన్ అరుగుదలనూ చిన్న టర్బో ఇంజన్లలో వేళకాని వేళ మంట అంటుకోవడాన్నీ దృష్టిలో పెట్టుకున్నది. తమరి దాయాదుల డబ్బాల మీద ఇంకా ఎస్‌ఎఫ్ కనబడుతూంటుంది. 1988 తరువాత తయారైన చాలా పెట్రోల్ ఇంజన్లకు అది తగదని ఏపీఐవారే ప్రకటించారు. అంత పాత పట్టాతో ఇంతకాలం ఉద్యోగం చేయడం ప్రభుత్వ శాఖల్లో కూడా సాధ్యం కాదు.

తమరికి ఎక్కడా చోటు లేదని నేననను. తమరి పేరే చేతిపుస్తకంలో రాసి ఉన్న మోటారుసైకిళ్లకూ, బేరింగులు అరిగి ఆయిల్ తాగేస్తున్న పాత ఇంజన్లకూ తమరు ఉపకారులే. నా అభ్యంతరమల్లా, గ్లవ్ బాక్సులో ప్లాస్టిక్ కవరైనా విప్పని పుస్తకానికి బదులు తమరు పలకడం గురించి. కాబట్టి వచ్చే సర్వీసు రోజున తమరు అలమరలోనే విశ్రాంతి తీసుకోవలసిందిగానూ, పాత ఫిల్టరు రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుని మిగిలిపోలేదని చూసిన తరువాతే, కొత్తదాని రింగుకు కాస్త ఆయిల్ రాసి, పానాతో కాక చేత్తో బిగించమని తమరి భక్తులకు సెలవివ్వవలసిందిగానూ ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
చిన్న కారు యజమాని.

తా.క. మా ఇంజన్‌కు మూడు లీటర్లు చాలు. మూడున్నర లీటర్ల డబ్బా కొన్నారు కదా అని ఆ మిగిలిన అర లీటరునూ అందులోనే వంచితే డిప్‌స్టిక్ పై గీత దాటుతుంది, క్రాంక్‌షాఫ్టు దాన్ని చిలికి నురగ చేస్తుంది. అయినా తమరు మా ఇంటికి రావాలనే పట్టుబట్టేటట్లయితే, మా వీధిగేటు బందులు కీచుమంటున్నాయి. వాటికి కంపెనీవారు చేతిపుస్తకం ఇవ్వలేదు.