పుట్టింటి బంగారం

యూజీన్ మేయర్ గారిని ఆడవాళ్ల విరోధి అనడం అన్యాయం. 1933లో దివాలా తీసిన అమెరికా పత్రిక ‘వాషింగ్టన్ పోస్ట్’ను 8,25,000 డాలర్లకు వేలంలో పాడుకున్న పెద్దమనిషి ఆయన. కూతురు కాథరీన్‌కు వారానికి 25 డాలర్ల జీతం మీద పాఠకుల ఉత్తరాలు చూసే పని కూడా ఇచ్చారు. ఇంతకన్నా ఏ తండ్రి ఏం చేస్తాడు? పత్రికను మాత్రం 1946లో అల్లుడు ఫిలిప్ గ్రాహమ్ చేతిలో పెట్టారు. రెండేళ్లకు వాటాలు పంచుతూ అల్లుడికి 3,500, కూతురికి 1,500 రాశారు. మగవాడు పెళ్లాం కింద పనిచేసే దుస్థితి రాకూడదని ఆయన తాపత్రయం. మన ఇల్లరికపుటల్లుళ్లు వింటే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. కాథరీన్ కూడా అదే సబబనుకుంది.

1963లో ఫిలిప్ ఆత్మహత్య చేసుకున్నాడు. 46 ఏళ్ల కాథరీన్ పత్రికను నెత్తిన వేసుకుంది. ఉద్యోగులకు క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పాలన్నా, ఆ రెండు ముక్కలూ ముందుగా వల్లె వేసుకునేదట. అలాంటి మనిషితో ఎవరికి ప్రమాదం? పోనీ ఆడవాళ్లను వెనకేసుకొచ్చిందా అంటే అదీ లేదు. 1970లో ఆమె కంపెనీవారి ‘న్యూస్‌వీక్’ వారపత్రికలోనే 46 మంది మహిళలు వివక్షపై ఫిర్యాదు చేస్తే, ‘ఇంతకీ నేనెవరి పక్షాన ఉండాలి?’ అని అడిగింది. పెంపకం ఊరికే పోతుందా!

కానీ 1971 జూన్ 17 రాత్రి, ఇంట్లో విందు జరుగుతుండగా ఫోను మోగింది. వియత్నాం యుద్ధ రహస్య పత్రాలు అచ్చు వేయవద్దని లాయర్లు, వేయాల్సిందేనని సంపాదకులు. కంపెనీ వాటాలు షేర్ బజారుకెక్కి అప్పటికి రెండే రోజులు. వేసేయమంది. ఈ ముక్క ఎప్పుడు వల్లె వేసిందో!

మరుసటి ఏడు వాటర్‌గేట్, అంటే అధ్యక్షుడు నిక్సన్ మనుషులు ప్రతిపక్షం ఆఫీసులో దొంగచాటుగా జొరబడిన కుంభకోణం. దానిపై పత్రిక రాసిన వార్త అచ్చయితే కేటీ గ్రాహమ్ రొమ్ము, బట్టలు పిండే యంత్రంలో పడి నలుగుతుందని నిక్సన్ ప్రభుత్వపు మాజీ అటార్నీ జనరల్ జాన్ మిచెల్ ఫోనులో సెలవిచ్చాడు. దేశానికి న్యాయం చెప్పిన నోరు కదా, పత్రిక ఆ అవయవం పేరొక్కటి తీసేసి మిగతాదంతా భక్తితో అచ్చు వేసింది. మర్నాడు ఆమె విలేకరి కార్ల్ బెర్న్‌స్టైన్ దగ్గరకు వెళ్లి, ‘నాకింకేమైనా కబుర్లున్నాయా?’ అని అడిగింది.

తర్వాత నిక్సన్ గద్దె దిగాడు, మిచెల్ జైలుకు వెళ్లాడు. ఈలోగా కాలిఫోర్నియా నుంచి ఎవరో పళ్ల డాక్టరు, పళ్లకు వాడే బంగారంతో బుల్లి పిండే యంత్రం చేసి ఆమెకు పంపాడు. దాన్ని గొలుసుకు తగిలించి మెడలో వేసుకుంది. పుట్టింటివారు పత్రికను అల్లుడికి పెట్టారు కాబట్టి, పాపం, బంగారం బయటివాళ్లు పెట్టవలసి వచ్చింది.