మోసానికి జరిగిన అన్యాయం

సాహిత్యంలో మోసం చేయడమంటే మాటలు కాదు. కథ రాస్తే సరిపోదు, దాన్ని రాసినవాణ్ని కూడా కల్పించాలి. వాడికో బాల్యం, గొంతు, బిడియం, రోగమో రొష్టో సమకూర్చాలి. మామూలు రచయితలు పాత్రలను పుస్తకం అట్టల మధ్య వదిలేసి హాయిగా నిద్రపోతారు. మోసగాడికి ఆ సుఖమూ లేదు. అంతటి కష్టజీవి మీద జస్టిన్ కెల్లీ తీసిన ‘జేటీ లెరాయ్’ 2018లో టొరంటో చిత్రోత్సవానికి వచ్చింది. అది చూశాక మోసపోయిన పాఠకుల మీద కాదు, మోసం మీదే జాలి కలిగింది.

అసలు కథ ఎంత ఘనమైనదో చూడండి. లారా ఆల్బర్ట్ అనే ఆవిడ ఆపదలో ఉన్నవారి సహాయ కేంద్రానికి ఫోన్ చేసి, దిక్కులేని కుర్రాడి గొంతుతో గోడు వెళ్లబోసుకునేవారు. అవతలి మానసిక వైద్యుడు ఆ గోడును కాగితం మీద పెట్టమని ప్రోత్సహించాడు. 2000లో ‘సారా’ నవల వచ్చింది. వెస్ట్ వర్జీనియాలో లారీలు ఆగే చోట ఒళ్లమ్ముకునే బతుకును స్వయంగా చూసిన జేటీ లెరాయ్ అనే కుర్రాడే దాన్ని రాశాడని లోకం నమ్మింది. సినిమా తారలు అతనితో ఫోన్లో స్నేహం చేశారు. మనిషిని చూపించమని అడిగేసరికి, ఆల్బర్ట్ తన ఆడపడుచు వరసయ్యే సవానా నూప్‌కు బంగారు రంగు విగ్గు, నల్ల కళ్లద్దాలు తగిలించి బయటికి పంపారు. వదిన ఫోన్లో లెరాయ్, ఆడపడుచు సభల్లో లెరాయ్. పైగా వదినగారు అరువు తెచ్చుకున్న బ్రిటిష్ యాసతో, ‘స్పీడీ’ అనే సహాయకురాలి వేషంలో పక్కనే ఉండేవారు. తాను పుట్టించిన రచయితకు తానే సంచి మోశారన్నమాట! 2006 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ ఆ విగ్గు ఊడలాగింది.

ఇంత సరంజామా చేతిలో పెడితే సినిమా ఏం చేసింది? విగ్గు సర్దుకుంటూ కూర్చుంది. ఆధారం సవానా జ్ఞాపకాల పుస్తకం కనుక కెమెరా వేషం వెంటే తిరుగుతుంది, రాసిన చేతి దగ్గర నిలవదు. సవానాగా క్రిస్టెన్ స్టూవర్ట్ భుజాలు ముడుచుకుని నేల చూపులు చూస్తుంటే, ఆల్బర్ట్‌గా లారా డెర్న్ ఒక్కరే బండిని ఈడ్చుకొచ్చారు, పాపం. ఆ వాక్యాల్లో ఏముందని అంతమంది నమ్మారో మాత్రం ఎవరూ చెప్పరు. ఇదే మోసం మీద 2016లో వచ్చిన డాక్యుమెంటరీలో ఆల్బర్ట్ రికార్డు చేసి దాచుకున్న ఫోన్ సంభాషణలు వినిపిస్తాయి. ఆ గొంతు ముందు ఈ తారాగణమంతా దిగదుడుపే.

ఇక న్యాయం సంగతి. నవల సినిమా హక్కుల ఒప్పందం మీద లేని మనిషి పేరుతో సంతకం పెట్టినందుకు 2007లో న్యూయార్క్ జ్యూరీ ఆల్బర్ట్‌ను తప్పుబట్టి, నిర్మాణ సంస్థకు 1,16,500 డాలర్లు కట్టమంది. పేరు ఒకరిది, సరుకు మరొకరిది అన్నదే నేరం. మరి పోస్టరు మీద లెరాయ్ పేరు వేసి లోపల లెరాయ్‌ను పెట్టనివారిని ఏ జ్యూరీకి అప్పగించాలి? ఆల్బర్ట్ చేతిలో మోసపోయినవారికి కనీసం ఒక నవలైనా దక్కింది. ఇక్కడ పేరు నిజం, నటులు నిజం, ఆధారం నిజం. సినిమా ఒక్కటే లేదు.

జరిమానా వద్దు. ఇకపై ఇలాంటి కథ ముట్టుకునే దర్శకుడు ముందుగా ఆరు నెలలు మారు గొంతుతో ఫోన్లు చేసి, ఒక్క మానసిక వైద్యుణ్నైనా నమ్మించి రావాలి. అది చేతకానివారు ప్రేమకథలు తీసుకోవచ్చు, వాటికి ఇంత నిజాయితీ అక్కర్లేదు.