ఇంట ఓడి రచ్చ గెలుచుట: సెవియా పద్ధతి

ఇంట గెలిచి రచ్చ గెలవమన్న పెద్దలు స్పెయిన్ ఫుట్‌బాల్ చూసి ఉండరు. 2022-23లో సెవియా జట్టు ఆట చూసుంటే సామెతను వెంటనే వెనక్కి తీసుకునేవారు. ఆ ఏడు సెవియా స్వదేశపు లీగ్ లా లిగాలో 49 పాయింట్లతో 12వ స్థానంలో నిలిచి, యూరప్ క్లబ్బుల రెండో మెట్టు టోర్నీ యూరోపా లీగ్ కప్పు ఎగరేసుకుపోయింది. గిట్టనివాళ్లు అదృష్టమన్నారు. కాదు, అదొక శాస్త్రం. ఎక్కడ, ఎంత ఓడాలో తెలిసినవారికే పట్టుబడుతుంది.

యూరప్‌లో మొదటి మెట్టు టోర్నీ అయిన చాంపియన్స్ లీగ్‌లో సెవియా ఉన్న నాలుగు జట్ల గ్రూపునే తీసుకోండి. మాంచెస్టర్ సిటీ, డోర్ట్‌మండ్ పైకి వెళ్లాయి. మిగిలిన ఇద్దరిలో సెవియాకు 5 పాయింట్లు, కోపెన్‌హేగెన్‌కు 3. పాపం కోపెన్‌హేగెన్, కొలత తెలియక మరీ ఎక్కువ ఓడి ఇంటికి పోయింది. సరిగ్గా మూడో స్థానంలో ఆగినవారిని అప్పటి నిబంధనల ప్రకారం యూరోపా లీగ్‌కు దింపేవారు. ఆ కప్పు గెలిస్తే మరుసటి ఏడు నేరుగా చాంపియన్స్ లీగ్‌లో చోటు. అంటే డిగ్రీ తప్పినవాణ్ణి ఇంటర్ పరీక్షకు కూర్చోబెట్టి, ఫస్టొస్తే మళ్లీ డిగ్రీలో సీటివ్వడమన్నమాట.

కోచ్‌ల విషయంలోనూ క్లబ్బు పొదుపు పాటించలేదు. 2020లో ఇదే కప్పు తెచ్చిన లొపెతేగిని అక్టోబర్ 5న డోర్ట్‌మండ్ చేతిలో 4-1తో ఓడగానే సాగనంపారు. తర్వాత సాంపావోలి వచ్చారు. మార్చిలో ఆయన్నీ పంపించేసరికి జట్టు 14వ స్థానంలో, రెండో డివిజన్‌లోకి జారే గీతకు రెండంటే రెండు పాయింట్ల ఎత్తులో వేలాడుతోంది. అప్పుడు పిలిచింది 62 ఏళ్ల మెండిలిబర్‌ని. అంతకుముందు ఆయన ఖాతాలో చెప్పుకోదగ్గ పెద్ద కప్పు ఒక్కటీ లేదు. ఇంతకు మించిన అర్హత ఏం కావాలి?

ఇక అసలు విద్య ఏప్రిల్ 13న, యూరోపా లీగ్ క్వార్టర్స్ మొదటి మ్యాచ్‌లో, మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో బయటపడింది. సాబిట్జర్ రెండు గోల్స్ కొట్టి మాంచెస్టర్ యునైటెడ్‌ను 2-0 ఆధిక్యంలో నిలిపాడు. సెవియా కంగారు పడలేదు. 84వ నిమిషంలో నవాస్ కొట్టిన బంతి యునైటెడ్ డిఫెండర్ మలాసియాకు తగిలి లోపలికి పోయింది. ఇంజ్యురీ టైమ్‌లో ఎన్-నెసిరి తలతో కొట్టిన బంతి మరో యునైటెడ్ డిఫెండర్ మాగ్వైర్ తలకు తగిలి అదీ లోపలికే. స్కోరు 2-2. నాలుగు గోల్సూ యునైటెడ్‌వాళ్లే కొట్టారు, సెవియావాళ్లు చెమట తుడుచుకున్నారు. వారం తర్వాత రెండో మ్యాచ్‌లో సెవియా సొంతగడ్డపై 3-0. అందులో మొదటి గోల్‌కు యునైటెడ్ గోల్‌కీపర్ డి హేయా, మాగ్వైర్ కలిసి అందించిన సేవలను సెవియా నగరం మరవరాదు.

మే 31న బుడాపెస్ట్‌లో ఫైనల్. డిబాలా రోమాకు గోల్ తెచ్చాడు. బదులుగా సెవియా ఏం చేసిందో ఈపాటికి మీరే చెప్పగలరు: రోమా డిఫెండర్ మాన్చీనితో అతని గోల్‌లోనే వేయించింది. 1-1 తర్వాత పెనాల్టీల్లో సెవియా 4-1. చివరిది సెవియా ఆటగాడు మోంటియెల్ తన్నాడు. డిసెంబర్‌లో అర్జెంటీనాకు ప్రపంచకప్ ఖరారు చేసిన పెనాల్టీ కూడా అతనిదే. అంతవరకు ఆడిన అయిదు యూరప్ ఫైనళ్లూ గెలిచిన రోమా కోచ్ మోరిన్యో వెండి పతకాన్ని స్టాండ్స్‌లో ఓ పిల్లాడికి విసిరేశారు. సెవియాకు ఈ కప్పు ఏడోది, ఏడు ఫైనళ్లలో.

ఇక బుద్ధిగా చదువుకున్న పిల్లల గతి చూడండి. స్పెయిన్‌దే మరో క్లబ్బు ఒసాసునా, దేశవాళీ కప్పు కోపా డెల్ రే క్వార్టర్స్‌లో సెవియాను ఇంటికి పంపింది, ఫైనల్ దాకా వెళ్లింది, లీగ్‌లో ఏడో స్థానం తెచ్చుకుంది. బహుమతి, మూడో మెట్టు టోర్నీ అయిన కాన్ఫరెన్స్ లీగ్‌లో అర్హత పోటీ. సెవియా ఊళ్లోనే ఉన్న దాయాది క్లబ్బు బెతిస్‌కు 60 పాయింట్లు, ఆరో స్థానం, యూరోపా లీగ్. 49 పాయింట్ల సెవియాకు చాంపియన్స్ లీగ్. సెవియా వీధుల్లో బెతిస్ అభిమాని ఆ వేసవి ఎలా గడిపాడో ఊహించడం కూడా పాపమే.

మెండిలిబర్‌ను అక్టోబర్ 2023లో తీసేశారు. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడంలో క్లబ్బుకి అనుభవముంది. ఆయన గ్రీస్ వెళ్లి ఒలింపియాకోస్‌తో 2024 కాన్ఫరెన్స్ లీగ్ గెలిచారు. సెవియా మాత్రం ఈసారి కొలత తప్పింది. 2023-24 చాంపియన్స్ లీగ్ గ్రూపులో 2 పాయింట్లతో అట్టడుగున తేలి, మూడో స్థానం కూడా దక్కించుకోలేకపోయింది. పులి మీద పుట్రలా, 2024-25 నుంచి యూరప్ ఫుట్‌బాల్ పెద్దలు చాంపియన్స్ లీగ్‌లో ఓడినవారిని యూరోపా లీగ్‌లోకి దింపే దారే మూసేశారు. ఆ ఏడు సెవియా లా లిగాలో 17వ స్థానంలో ఒడ్డున పడింది. ఇంకొక్క మెట్టు దిగితే దింపే పద్ధతి అక్కడ ఇప్పటికీ అమల్లోనే ఉంది, కాకపోతే రెండో డివిజన్‌లోకి.