పన్నెండు వోల్టుల అడాప్టర్ గారికో బహిరంగ లేఖ

మహారాజశ్రీ రౌటర్ అడాప్టర్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని రాద్దామంటే కుశలం ఇక్కడా లేదు, మీ పొట్టలోనూ లేదు.

ఆదివారం మధ్యాహ్నమంతా మీ సేవకే సమర్పితమైంది. నెట్టు మాటిమాటికీ పడిపోతుంటే కస్టమర్ కేర్ వారు యథావిధిగా "ఆపి, ముప్పై సెకన్లాగి వెయ్యండి సార్" అని మంత్రోపదేశం చేశారు. రౌటర్‌ని రీసెట్ చేయించారు. వైఫై పాస్‌వర్డ్ గంగలో కలిసింది, నెట్టు మాత్రం నిలవలేదు. టేబుల్ వెనక బూజు కప్పుకుని వేలాడుతున్న తమరి వంక ఒక్కరూ చూడలేదు.

నిజానికి ఆనవాళ్లన్నీ కళ్లెదుటే ఉన్నాయి. ఫైబర్ తెగితే, సిగ్నల్ పోయిందని చెప్పే ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా మిణుకుతుంది. ఇక్కడ ఎరుపు జాడ లేదు. లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయి, మళ్లీ పవర్, పాన్ (ఫైబర్ లైను), ఇంటర్నెట్ అని వరసగా వెలుగుతున్నాయి. అంటే రౌటర్ రీస్టార్ట్ అవుతోంది. ఇద్దరు వీడియో చూస్తే పడిపోవడం, అర్ధరాత్రి ఎవరూ వాడనప్పుడు మహా బుద్ధిగా ఉండటం: బరువెక్కితే కాళ్లు వణికే రోగం.

మల్టీమీటర్ పెడితే? 12.1 వోల్టులు! ఏం నటనండీ! లోడ్ లేకుండా, అంటే రౌటర్ తగిలించకుండా కొలిస్తే ఎవరైనా పహిల్వానే. లోపల వోల్టేజ్‌ని నిలకడగా ఉంచే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఏళ్ల తరబడి వేడికి ఎండిపోయి, నెత్తి పూరీలా పొంగి ఉంటుంది. రౌటర్ ఒక ఆంపియర్ అడగ్గానే వోల్టేజ్ జారిపోతుంది. కరెంటు పోతే రౌటర్‌ని బ్యాటరీతో నడిపే మినీ యూపీఎస్ ఉన్నవాళ్లు గోడ స్విచ్ ఆపేసి బ్యాటరీ మీదే అరగంట నడిపి చూడండి. కరెంటు లేనప్పుడు నిలకడగా ఉండి, కరెంటు వచ్చాక చచ్చే నెట్టు కనిపిస్తే దొంగ దొరికినట్టే.

మర్యాద ఇక చాలు. నీ మీద నమ్మకంతో కొత్త రౌటర్‌కి వేలు పోసేవాళ్లున్నారు, తెలుసా? నీ బదులు కావలసింది మూడు, నాలుగు వందల సరుకు! లేబుల్ మీదున్న వోల్టులే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ, పిన్ను సైజు అదే, మధ్యలో ప్లస్ గుర్తు అదే. 9 వోల్టుల పాత రౌటర్‌కి 12 వోల్టులది గుచ్చితే ఆ పాపం గుచ్చినవాడిదే. అదొక్కటి నీ ఖాతాలో వెయ్యను.

నీ బంధువులకూ రెండు ముక్కలు. క్లిప్పు విరిగిన లాన్ కేబులూ, నువ్వు పిల్లి తోక తగిలితే ఊడొస్తావు. ఎనిమిది తీగల్లో ఒక్కటి పోయినా గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగం కాస్తా 100 ఎంబీపీఎస్‌కి పడిపోవచ్చు. 100 ఎంబీపీఎస్ పోర్టే ఉన్న పాత రౌటరూ, రెండు వందల ఎంబీపీఎస్ ప్లాన్‌కి బిల్లు కట్టించుకునేటప్పుడైనా సిగ్గుపడు.

అయినా అడాప్టరూ, ఏళ్ల తరబడి ఒక్క పూట సెలవడగలేదు, అది ఒప్పుకోవాలి. అందుకే నిన్నెవరూ పారెయ్యరు. సన్నపిన్ను ఛార్జర్లూ, చెవి తెగిన ఇయర్‌ఫోన్లూ ఉన్న ఆ సొరుగులోకే పోతావు. రెండేళ్ల తర్వాత ఎవరో బయటికి తీసి, మీటర్ పెట్టి, "భలే, పన్నెండు చూపిస్తోందే!" అంటారు.

ఇట్లు,
సొరుగు తాళం వెతుకుతున్న
వైఫై బాధితులు