లెక్క చివరి కుళాయి దగ్గర తీయాలి

కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన వస్తే కొందరు ముఖం చిట్లిస్తారు, కొందరు భరోసాగా తాగేస్తారు. అసలు తెలుసుకోవాల్సింది మాత్రం వాసనకు అందదు. కుళ్లిన ఆకుల నుంచి, నాచు నుంచి నదులు, జలాశయాల్లోకి చేరే సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిసినప్పుడు ట్రైహాలోమీథేన్లు, హాలోఅసిటిక్ ఆమ్లాలు వంటి ఉపఉత్పత్తులు పుడతాయి. క్లోరోఫామ్ మొదటి కోవలోదే. రోటర్‌డామ్ నీటి సరఫరా సంస్థలో పనిచేసిన రసాయనవేత్త యోహానెస్ రూక్ 1974లో ఈ సంగతి బయటపెట్టారు.

ఇది చదివి క్లోరిన్ తగ్గించేద్దాం అనుకుంటే కొరివితో తల గోక్కున్నట్టే. క్లోరిన్ అడ్డుకునే కలరా, టైఫాయిడ్ రోజుల్లోనే మనిషిని పడగొడతాయి. ఉపఉత్పత్తుల బెడద ఏళ్ల తరబడి తాగితే వచ్చేది. మూత్రాశయ క్యాన్సర్‌తో వాటికి సంబంధం ఉండొచ్చని పలు అధ్యయనాలు సూచించాయి గానీ, అవే కారణమని ఇంకా తేలలేదు. వీటిని అదుపు చేసే పేరుతో క్రిమిసంహారం విషయంలో రాజీపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగానే చెప్పింది. మా మాటా అదే.

మా అభ్యంతరమల్లా 'పరిమితికి లోబడే ఉన్నాయి' అన్న ఒక్క వాక్యంతో నగరాలు చేతులు దులుపుకోవడంపైనే. ఏ పరిమితి? నాలుగు ట్రైహాలోమీథేన్లూ కలిపి లీటరుకు 80 మైక్రోగ్రాములు దాటకూడదని అమెరికా అంటుంది, 100 దాకా ఫర్వాలేదని యూరప్ అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దేనికది విడిగా చెబుతూ క్లోరోఫామ్‌కు 300, బ్రోమోడైక్లోరోమీథేన్‌కు 60 అని సూచించింది. అంతకన్నా పెద్ద ప్రశ్న, నమూనా ఎక్కడ తీశారన్నది. శుద్ధి కేంద్రం గేటు దగ్గర పట్టిన నీళ్లు, ఊరి చివరి వీధిలో పట్టిన నీళ్లు ఒకటి కావు. పైపుల్లో, ట్యాంకుల్లో నీరు నిలిచే కొద్దీ క్లోరిన్ చర్య సాగుతూనే ఉంటుంది, ట్రైహాలోమీథేన్లు పెరుగుతూనే ఉంటాయి. ఎండాకాలంలో ఈ చర్య ఇంకా వేగంగా జరుగుతుంది. హాలోఅసిటిక్ ఆమ్లాల తీరు వేరు. పైపుల్లోని సూక్ష్మజీవులు తినేయడం వల్ల చివరికి వచ్చేసరికి అవి తగ్గనూవచ్చు. అంటే ఒక్క చోటి నమూనాతో రెండింటి సంగతీ తేలదు.

సగటు లెక్క అధికారులకు మహా ఇష్టం. నగరమంతా కలిపి సగటు తీస్తే శివారు వీధి గోడు అందులో మునిగిపోతుంది. అమెరికా కూడా చాలాకాలం ఇలాగే లెక్కించి, 2006 నిబంధనలతో నమూనా తీసే ప్రతి చోటుకూ వార్షిక సగటును విడిగా చూడడం మొదలుపెట్టింది. ఏడాది సగటులోనూ మండువేసవి నెలలు దాక్కోగలవు. అందుకే నెలవారీ అంకెలు బయటపెట్టాలి.

ఇంట్లో కాచుకుని తాగితే చాలనేవారూ ఉన్నారు. మూత తీసి మరిగిస్తే ట్రైహాలోమీథేన్లు చాలావరకు ఆవిరైపోతాయి, హాలోఅసిటిక్ ఆమ్లాలు అంత తేలిగ్గా పోవు. పైగా వేడినీళ్ల స్నానంలో క్లోరోఫామ్ ఊపిరితో లోపలికి వెళ్తుంది, చర్మం గుండా కూడా వెళ్తుంది. తాగే నీళ్లకు ఫిల్టర్ పెట్టుకున్నంత మాత్రాన ఇది ఆగదు. బరువు మోయాల్సింది శుద్ధి కేంద్రమే.

సేంద్రియ పదార్థాన్ని ముందే తీసేస్తే క్లోరిన్‌కు చర్య జరపడానికి మిగిలేది తక్కువ. ముడి నీటిలోనే క్లోరిన్ గుమ్మరించే చోట, పటిక వేసి మడ్డి దిగిన తర్వాతే కలిపేలా మార్చవచ్చు. పటిక మోతాదును నీటి తీరును బట్టి సవరించాలి, అవసరమైన చోట సేంద్రియ పదార్థాన్ని పట్టేసే యాక్టివేటెడ్ కార్బన్ (ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు) వాడాలి. నీరు కదలని పైపు కొసలను తరచూ నీళ్లు వదిలి కడగాలి. క్లోరిన్ బదులు క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిస్తే వచ్చే క్రిమిసంహారిణి) వాడితే ట్రైహాలోమీథేన్లు తగ్గే మాట నిజమే. కానీ 2000లో అలా మారిన వాషింగ్టన్ నగరంలో పాత పైపుల నుంచి సీసం కరిగి కుళాయిల్లోకి వచ్చింది. మందు మార్చే ముందు పైపుల సంగతి చూడాలి.

ప్రతి నగరమూ నమూనా తీసిన చోటు, తేదీ, ఉపఉత్పత్తుల మోతాదు ప్రకటించాలి. అదే నమూనాలో మిగిలిన క్లోరిన్ ఎంతో, కోలిఫాం పరీక్షలో (నీళ్లలో మురుగు కలిసిందేమో సూచించే బ్యాక్టీరియా పరీక్ష) ఏం తేలిందో పక్కనే ఇవ్వాలి. ఉపఉత్పత్తులు తగ్గించబోయి క్రిమిసంహారాన్ని వదిలేశారేమో అప్పుడే జనానికి తెలుస్తుంది.